బోథ్ అడవిబాటలు: బండిజాడ నుండి సైకిల్ దారి దాకా – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

మోటారు వాహనాల రద్దీ లేని అటవీ మార్గాల్లో సైకిల్ యాత్ర ఇరవై ఒకటవ శతాబ్దంలో ప్రపంచవ్యాప్తంగా ఆదరణ పొందుతున్నది. ఆదిలాబాద్ జిల్లా బోథ్ పరిసరాల్లోని మట్టిబాటలు, మొరం దారులు ఇటువంటి యాత్రకు అనువైనవిగా కనిపిస్తాయి. ఇవి ప్రకృతి సహజంగా ప్రసాదించినవి కావు. గోండుల యాత్రలు, లంబాడీల రవాణా, ఎడ్లబండ్ల రాకపోకలు, అటవీశాఖ కలప రవాణా వీటిని వేర్వేరు కాలాల్లో రూపొందించాయి. 'వాహనరహితం' అన్న గుణం యాత్రికునికి సౌఖ్యంగానూ, గూడెంవాసికి లోటుగానూ పరిణమించిన తీరును ఈ వ్యాసం చారిత్రక దృష్టితో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: బోథ్, కడెం నది, మొరం దారి, బండ్లబాట, కేస్లాపూర్ యాత్ర, అటవీ హక్కులు.

1. ప్రవేశిక

ఆదిలాబాద్ జిల్లాను సహ్యాద్రి శ్రేణికి చెందిన సాత్మాల కొండలు వాయవ్యం నుండి ఆగ్నేయానికి చీల్చుకుంటూ సాగుతాయి. ఉత్తరాన పెన్‌గంగ, దక్షిణాన గోదావరి ఈ ప్రాంతానికి హద్దులు. గోదావరికి ఉపనది అయిన కడెం ఈ కొండల నడుమ ప్రవహిస్తూ బోథ్‌కు సమీపంలో పొచ్చెర వద్ద, నేరడిగొండ మండలంలో కుంటాల వద్ద జలపాతాలుగా దూకుతుంది. వీటిలో కుంటాల జలపాతం ఎత్తు సుమారు 45 మీటర్లు. టేకు, వెదురు అడవులు, వాగులు, ఒర్రెలు, పత్తి చేలు, గోండు గూడేలు, లంబాడీ తాండాలు కలిసిన నేల ఇది.

ఇక్కడి దారుల స్వభావాన్ని నేల స్వభావమే నిర్ణయించింది. వేసవిలో నెర్రెలిచ్చే నల్లరేగడి వానకాలంలో జిగటబురదగా మారి బండిచక్రాన్ని కదలనివ్వదు. అందువల్ల రేగడి నేలల్లో దారిపై మొరం పోయడం ఆనవాయితీ అయింది. జనవ్యవహారంలో దారులకు ఒక అంతస్తుల క్రమం కూడా ఏర్పడింది. కాలిబాట, బండ్లబాట, మొరం రోడ్డు, కంకర రోడ్డు, తారు రోడ్డు అనే ఈ వరుసలో ఒక ఊరు ఏ మెట్టు మీద ఉన్నదో చూస్తే, ఆ ఊరికి పాలనా యంత్రాంగంతో ఉన్న దూరం తెలుస్తుంది. నేడు పాశ్చాత్య దేశాల్లో 'గ్రావెల్' అన్న పేరుతో సైకిల్ యాత్రికులు కోరుకుంటున్నది ఈ వరుసలోని మధ్య మెట్టునే.

2. నడక నిలబెట్టిన దారులు

ఈ ప్రాంతపు పాతబాటల్లో చాలావరకు బంధుత్వం, భక్తి, సంత అనే మూడు అవసరాల చుట్టూ ఏర్పడ్డాయి. దీపావళి కాలంలో దండారీ బృందాలు గుస్సాడీ వేషాలతో ఒక గూడెం నుండి మరొక గూడేనికి తరలివెళ్లి ఆతిథ్యం పొందడం గోండుల ఆచారం. వియ్యపు సంబంధాలున్న ఊళ్ల మధ్య దారి ఏటేటా ఈ రాకపోకలతో పునరుద్ధరణ పొందేది.

దీనికి మిక్కిలి స్పష్టమైన ఉదాహరణ కేస్లాపూర్ నాగోబా యాత్ర. పుష్య అమావాస్యనాటి మహాపూజకు ముందు మెస్రం వంశీయులు జన్నారం మండలం కలమడుగు సమీపాన గోదావరిలోని హస్తినమడుగుకు వెళ్లి, పవిత్రజలాన్ని తీసుకొని చెప్పులు లేకుండా కాలినడకన తిరిగివస్తారు. పూజకు కావలసిన కుండల తయారీని సిరికొండలోని కుమ్మరులకు అప్పగించడం కూడా ఈ క్రతువులో భాగమే. ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్‌ను ఒకవైపు గోదావరి తీరంతోనూ, మరొకవైపు బోథ్ ప్రాంతంలోని సిరికొండతోనూ కలిపే ఈ సంచారం గోండు సమాజపు భౌగోళిక జ్ఞానానికి నిదర్శనం. వాహనాలు అందుబాటులోకి వచ్చిన తరువాత కూడా జలయాత్రలో నడక నియమం సడలలేదు. ఇక్కడ దారి గమ్యానికి చేర్చే సాధనం మాత్రమే కాదు, పూజలో అంతర్భాగం.

వర్తక మార్గాల పాత్ర వేరు. రైలుకు పూర్వం దక్కనులో ఉప్పు, ధాన్యం మోసిన బంజారాల ఎద్దుల బిడారులకు నీరు, మేత దొరికే దారులే ప్రధానం. రవాణా వృత్తి క్షీణించాక వారిలో అనేకులు తాండాలలో స్థిరపడి వ్యవసాయం చేపట్టారు. ఇచ్చోడ, నేరడిగొండ, బోథ్ పరిసరాల్లోని తాండాల ఉనికిని ఈ విస్తృత పరిణామంలో భాగంగా చూడవలసి ఉంటుంది.

3. రాజ్యం వేసిన దారులు

1905లో ఆదిలాబాద్ కేంద్రంగా జిల్లా ఏర్పడింది. హైదరాబాదు నుండి నిర్మల్ మీదుగా మహబూబ్ ఘాట్ ఎక్కి నాగపూర్ వైపు సాగే రహదారి ఈ జిల్లాకు వెన్నెముక. అది తరువాత 7వ నంబరు జాతీయ రహదారిగా, ప్రస్తుతం 44వ నంబరు జాతీయ రహదారిగా కొనసాగుతున్నది. రాకపోకలు క్రమంగా ఈ రహదారిపై కేంద్రీకృతం కావడంతో అడ్డదారులు ప్రాధాన్యం కోల్పోయాయి. 1956లో రాష్ట్రాల పునర్విభజన సందర్భంగా కిన్వట్, రాజురా తాలూకాలు ఆదిలాబాద్ నుండి విడిపోయి బొంబాయి రాష్ట్రంలో చేరాయి. ఫలితంగా బోథ్ సరిహద్దు ప్రాంతమైంది. కిన్వట్ వైపున్న ఊళ్లతో జనానికున్న సంబంధాలు ఒకటైతే, పాలనా సరిహద్దు మరొకటైంది.

అటవీ ప్రాంతాల్లో కథ మరొక విధంగా సాగింది. నిజాం ప్రభుత్వం అడవులను రిజర్వు చేసినప్పుడు భూమితోపాటు సంచారం కూడా నియంత్రణకు లోనయింది. పశువులు మేసే తావు, కట్టె తెచ్చే తోవ, పోడుకు వెళ్లే బాట అనుమతులకు లోబడ్డాయి. 1940లో జోడేఘాట్ వద్ద కుమ్రం భీము మరణంతో ముగిసిన తిరుగుబాటుకు మూలం ఈ వేదనే. ఆ తరువాత గోండుల మధ్య నివసించి పరిశోధన సాగించిన హైమెన్‌డార్ఫ్ 1945లో 'ట్రైబల్ హైదరాబాద్', 1948లో 'ద రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' గ్రంథాలను వెలువరించాడు. ఆదివాసుల సంక్షోభాన్ని భూమి కోల్పోవడంతో ముడిపెట్టి వివరించిన రచనలుగా వాటికి ప్రాముఖ్యం ఉంది. భూమి ప్రశ్నలో బాట ప్రశ్న కూడా ఇమిడి ఉన్నదని గుర్తించవలసి ఉంది.

ఒకవైపు జనసంచారాన్ని నియంత్రించిన అటవీశాఖ మరొకవైపు తన అవసరాలకు కొత్త దారులు వేసింది. టేకు కూపుల నుండి దుంగలను, కాగితపు పరిశ్రమకు వెదురును తరలించడానికి, కార్చిచ్చును అదుపు చేయడానికి మట్టిదారులు కావలసివచ్చాయి. కలప నరకడం తగ్గాక అటువంటి దారుల్లో లారీల చప్పుడూ తగ్గింది. నేటి యాత్రికునికి ఆదిమ ప్రశాంతతగా తోచే నిశ్శబ్దంలో కొంత భాగం ముగిసిపోయిన పరిశ్రమ మిగిల్చినదే.

4. తులనాత్మక దృష్టి

ఇటువంటి పరిణామం బోథ్‌కే పరిమితం కాదు. బ్రిటన్‌లో బ్రిస్టల్, బాత్ నగరాల మధ్య మూతపడిన రైలుమార్గం సైకిల్ దారిగా మారింది. స్పెయిన్‌లో వాడుకలో లేని రైలుమార్గాలను 1993 నుండి 'హరిత మార్గాలు'గా తీర్చిదిద్దారు. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో వ్యవసాయ క్షేత్రాల మధ్యనున్న కంకర దారులపై 2006లో మొదలైన పోటీ ఈ క్రీడకు ప్రపంచస్థాయి గుర్తింపు తెచ్చింది. తెలంగాణలో 2023లో హైదరాబాదు బాహ్యవలయ రహదారి పక్కన సౌరఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ మార్గం ప్రారంభమైంది.

ఈ ఉదాహరణలకూ బోథ్‌కూ మౌలికమైన భేదం ఉంది. మూతపడిన రైలుమార్గానికి పాత వినియోగదారులు లేరు. హైదరాబాదు మార్గం సైకిల్ కోసమే కొత్తగా నిర్మితమైంది. బోథ్ బాటలకు మాత్రం నేటికీ వినియోగదారులున్నారు. వాటిపై పత్తిబండ్లు నడుస్తాయి, పిల్లలు బడికి వెళ్తారు, శివరాత్రికి భక్తులు కుంటాల సోమేశ్వరుని దర్శనానికి సాగుతారు. మనుషులకే కాక మృగాలకూ ఇది దారి. 2024 నవంబరులో మహారాష్ట్ర వైపు నుండి వచ్చిన ఒక మగపులి బోథ్ అడవుల మీదుగా నిర్మల్ జిల్లాలోకి సాగిన ఉదంతం, 2012లో ఏర్పడిన కవ్వాల్ పులుల అభయారణ్యానికి ఈ అడవులు అనుసంధానంగా ఉన్నాయని మరోసారి రుజువు చేసింది.

5. వాహనరహితం: ఎవరి దృష్టిలో?

తారు రోడ్డు లేకపోవడం సైకిల్ యాత్రికునికి ఆకర్షణ. వాగు పొంగిన రాత్రి గర్భిణిని ఎడ్లబండిపైనో, మంచంపైనో మోయవలసిన కుటుంబానికి అదే ప్రాణసంకటం. అత్యవసర వాహనం ఊరి పొలిమేరకు రాలేని చోట 'ప్రశాంతత' అన్న మాటకు అర్థం మారిపోతుంది.

చట్టాలలోనూ ఈ ద్వంద్వం కనిపిస్తుంది. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం అటవీభూమిని ఇతర అవసరాలకు మళ్లించడానికి కేంద్రప్రభుత్వ ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం దానికి ఒక వెసులుబాటు కల్పించింది. గ్రామసభ సిఫారసుతో, హెక్టారుకు 75 చెట్లకు మించి నరకకుండా, ఒక్కొక్క అవసరానికి ఒక హెక్టారుకు లోపు భూమిలో రోడ్లు సహా 13 రకాల సదుపాయాలను ప్రభుత్వం కల్పించవచ్చు. 1980 చట్టానికి 2023లో జరిగిన సవరణ, అటవీ కార్యప్రణాళికల్లో చేర్చిన పర్యావరణ పర్యాటక సదుపాయాలను అటవీయేతర వినియోగంగా పరిగణించరాదని పేర్కొన్నది. పర్యాటకుని బాటకు ద్వారం విశాలమవుతున్న ఈ సమయంలో గూడెం బాట ఇంకా హెక్టార్ల లెక్కలోనే ఉండడం గమనార్హం.

6. ముగింపు

బోథ్ అడవిబాటలు ఒకదానిపై ఒకటి పేరుకున్న చారిత్రక పొరలు. యాత్రికుని పాదం, బంజారా ఎద్దు, బండిచక్రం, కలప లారీ వాటిపై తమ జాడలను విడిచాయి. రేపు సైకిల్ చక్రం కూడా ఆ వరుసలో చేరవచ్చు. దానిని ఆక్షేపించవలసిన పని లేదు. పొగ, రొద లేని ఆ వాహనం అడవికి అంతగా భారం కాదు, ఊరికి కొంత ఆదాయమూ కావచ్చు. అయితే దారిని గుర్తించి పటంలోకి ఎక్కించే ముందు అది ఎవరి దారి అన్నది తేలాలి. నాగోబా జలయాత్ర సాగే రోజుల్లో ఆ బాటపై ఎవరికి ప్రాధాన్యం, పులి సంచరించే కాలంలో ఎవరు ఆగాలి, వచ్చిన రాబడి ఎవరికి చెందాలి అన్న విషయాలను నిర్ణయించవలసిన వేదిక గ్రామసభ. వైద్యం, విద్య అందుకోవడానికి ఊరు కోరే రోడ్డును ఆపి, విహారానికి మొరం దారిని కాపాడడం సంరక్షణ అనిపించుకోదు. బాటను నిలబెట్టినవారి అవసరం తీరిన తరువాతనే బాటసారి ఆనందానికి న్యాయబద్ధత చేకూరుతుంది.