చిలుక ఆడదా, మగదా?

ఇంగ్లండులోని స్టీవెనేజ్ పట్టణపు అంచున రూక్స్ నెస్ట్ అనే పాత ఇల్లు ఉంది. నవలాకారుడు ఇ. ఎం. ఫార్‌స్టర్ 1883 నుంచి 1893 వరకు తన బాల్యాన్ని తల్లితో కలిసి అక్కడే గడిపాడు. 1924లో వెలువడిన అతని నవల ‘ఎ పాసేజ్ టు ఇండియా’లో ఒక చిన్న సన్నివేశం ఉంది. ఇద్దరు ఆంగ్లేయులు చెట్టుమీది ఒక పచ్చని పిట్టను చూసి, దాని పేరేమిటో తేల్చుకోలేకపోతారు. చిలుకేమోనని అతడంటే ఆమె ఒప్పుకోదు. ఇంతలో పిట్ట కొమ్మల్లో కలిసిపోతుంది.

1946లో బ్రిటన్ తొలి నూతన పట్టణంగా ప్రకటితమైన ఆ స్టీవెనేజ్‌లో ఈనాడు ఒక తెలుగు కుటుంబం చిలుకను పెంచుకోదలిస్తే, ఎదురయ్యేది మరో సందేహం: మగదాన్ని తెచ్చుకోవాలా, ఆడదాన్నా? మగ చిలుకే బాగా మాట్లాడుతుందని, ఆడది కరుస్తుందని పెంపకందారులలో ఒక మాట వాడుకలో ఉంది. పక్షికి మనుషుల స్త్రీపురుష స్వభావాలను అంటగట్టే ఈ అలవాటు మన సాహిత్యంలో చాలా పాతది.

సంస్కృతంలో శుక శబ్దం పుంలింగం, శారిక స్త్రీలింగం. శుకమంటే చిలుక, శారిక అంటే గోరువంక. జాతులు వేరైనా కవులు వాటిని దంపతులుగానే చూశారు. బాణుని ‘కాదంబరి’లో శారికకు చిలుకతో పెళ్ళి జరుగుతుంది, భర్త మరొకరితో చనువుగా ఉన్నాడని ఆ శారిక అలుగుతుంది. 11వ శతాబ్దంలో సోమదేవుడు రచించిన ‘కథాసరిత్సాగరం’లోని ఒక బేతాళకథలో చిలుక శారికను పెళ్ళాడమంటుంది. మగవాళ్ళు కృతఘ్నులంటూ ఆమె తిరస్కరిస్తుంది. ఆడవాళ్ళే దుష్టులని చిలుక వాదిస్తుంది. ఇద్దరూ చెరొక కథ చెప్పి రాజకుమారుని తీర్పు కోరతారు. ఏది మేలన్న వాదాన్ని ఇక్కడ పక్షులే నడుపుతున్నాయి, కానీ సాక్ష్యాలన్నీ మనుషుల కథలే.

తెలుగులోకి వచ్చేసరికి ఈ జంట తారుమారైంది. ‘చిలకా గోరింకల్లా ఉన్నారు’ అని కొత్త దంపతులను మెచ్చుకునేటప్పుడు చిలుక వధువు, గోరింక వరుడు. 1966లో వచ్చిన కె. ప్రత్యగాత్మ చిత్రానికి ‘చిలకా గోరింకా’ అన్న పేరు పెట్టగానే అది జంట కథ అని ప్రేక్షకులకు అర్థమైంది. తెలుగు వ్యాకరణంలో రెండూ అమహద్వాచకాలే. సంస్కృతంలోలాగా శబ్దలింగం వాటిని కట్టిపడేయదు. అందువల్లనే ఊహకు ఈ వెసులుబాటు దొరికిందనుకోవచ్చు. అదే పక్షి ఒక భాషలో భర్త, మరో భాషలో భార్య అయిందంటే ఆ లింగం పక్షిది కాదు, భాషది.

పక్షి దేహం చెప్పే సంగతి వేరు. రామచిలుకల్లో మగదాని గడ్డం కింద నల్లని చార, మెడచుట్టూ గులాబిరంగు కంటె ఉంటాయి. ఆడదానికి అంత స్పష్టమైన కంటె ఉండదు. అయితే మగపిల్లకు కూడా కంటె పూర్తిగా ఏర్పడటానికి రెండు మూడేళ్ళు పడుతుంది. అంతవరకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. రంగును నమ్ముకుంటే శాస్త్రజ్ఞులు కూడా పొరబడ్డారు. న్యూగినీ ప్రాంతపు ఎక్లెక్టస్ చిలుకల్లో మగది పచ్చన, ఆడది ఎర్రన. అవి రెండు వేర్వేరు జాతులనే భావన ఐరోపాలో చాలాకాలం సాగింది. ఒకే జాతి అని 1870లలో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎ. బి. మేయర్ గుర్తించాడు. పక్షుల్లో ఆడదానికి జెడ్, డబ్ల్యు అనే రెండు భిన్న క్రోమోజోములు, మగదానికి రెండు జెడ్‌లు ఉంటాయి. ఈ తేడా ఆధారంగా చాలా పక్షుల లింగాన్ని నిర్ధారించగల డీఎన్ఏ పరీక్షను 1998లో గ్రిఫిత్స్ బృందం ప్రకటించింది. ఇప్పుడు ఒక ఈక చాలు.

అయినా ఆ పరీక్ష స్వభావాన్ని చెప్పదు. రామచిలుకల్లో ఆడది జంటపై పెత్తనం చేస్తుందన్నది నిజమే. గూడు కట్టే కాలంలో మరింత చిరాకు పడుతుంది. కానీ రెండూ మాటలు నేర్వగలవు. ఎంత నేర్చుకుంటుందన్నది దాని వయసు, దానితో గడిపే సమయం, దానికి కలిగిన నమ్మకంపై ఎక్కువగా ఆధారపడుతుంది.

ఎంపిక తప్పితే దిద్దుకోవడం తేలిక కాదు. రామచిలుక 20–30 ఏళ్ళు బతకగలదు. మాట్లాడలేదనో, కరిచిందనో దాన్ని కిటికీలోంచి వదిలేయడం బ్రిటన్‌లో 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. భారతదేశంలోనైతే 1972 చట్టం కింద రామచిలుకను పంజరంలో పెంచడమే నేరం. చిన్ననాడు ఊళ్ళో జోస్యుడి పంజరంలో చూసిన చిలుకను స్టీవెనేజ్ ఇంట్లో తిరిగి చూడాలనుకునేవారు ముందుగా నిర్ణయించుకోవలసింది దాని లింగం కాదు. అన్నేళ్ళు దానికి తోడుండగలమా అన్నది.