కారులో వినే చరిత్ర: ఏది ఎంచుకోవాలి?



రైల్వేలో గుమాస్తాగా ఉన్నన్నాళ్ళూ మాకు ఎక్కడికి పోవాలన్నా రైలే. రిటైరయ్యాక కొడుకు కారులో చెన్నై నుంచి కోవిల్‌పట్టికి పోవడం అలవాటైంది. తిండివనం, విళుప్పురం, తిరుచ్చి, మదురై మీదుగా పగలంతా దారే. అందుకని సెల్‌ఫోన్‌లో చరిత్ర పుస్తకాలు పెట్టుకుని వింటున్నాం.

మనలో చాలామందిలాగే మేమూ తమిళ మీడియంలో చదివాం. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. తెలుగు మన చెవికి తెలుసు, కంటికి తెలియదు. అందుకే వినే పుస్తకం మనకు పెద్ద ఆసరా. అయితే ఒక చిక్కు ఉంది. చేతిలో పుస్తకం ఉంటే ముందుమాట తిప్పి చూస్తాం. కారులో విన్నది విన్నట్టే నిజమైపోతుంది.

మేము మొదట విన్నది కల్కి రాసిన పొన్నియిన్ సెల్వన్. ఆ తరువాత తంజావూరు పెద్ద కోవెలకు పోతే మా మనవడు, "తాతా, నందిని బొమ్మ ఎక్కడుంది?" అని అడిగాడు. నందిని కల్కి కల్పించిన పాత్ర అని ముందే చెప్పలేదు, తప్పు మాదే. రాజరాజు, ఆయన అక్క కుందవై మాత్రం నిజం మనుషులు. వాళ్ళిచ్చిన కానుకలు ఆ కోవెల గోడల మీదే చెక్కి ఉన్నాయి.

అక్కడే కూర్చోబెట్టి మిగతాది చెప్పాం. రాజరాజు కూతురి పేరూ కుందవైయే. ఆమెను వేంగి రాజు విమలాదిత్యుడికి ఇచ్చారు. వాళ్ళ కొడుకు రాజరాజ నరేంద్రుడు. నన్నయ చేత తెలుగులో భారతం రాయించింది ఆయనే. నరేంద్రుడి కొడుకు 1070లో కులోత్తుంగ చోళుడిగా చోళ సింహాసనం ఎక్కాడు. "అయితే తమిళమూ తెలుగూ వియ్యపువాళ్ళా తాతా!" అన్నాడు వాడు.

అప్పటినుంచి మాకు మూడు పద్ధతులు.

ఒకటి, బండి కదలకముందే ఇది నవలా, చరిత్రా అని పిల్లలకు చెప్పాలి. నవల వద్దని కాదు, తేడా తెలిసి వినాలి.

రెండు, పోయే దారిలో ఉన్న చరిత్రే ఎంచుకోవాలి. మదురై దారిలో రాణి మంగమ్మ గురించి వినండి. చొక్కనాథ నాయకుడి భార్య. 1689 నుంచి మనవడి తరఫున పాలించింది. బాటలు, సత్రాలు వేయించిన రాణి అని ఇప్పటికీ చెప్పుకుంటారు. మదురై స్టేషను ఎదుట మంగమ్మాళ్ సత్రం ఉంది. ఉద్యోగకాలంలో ఎన్నిసార్లు దాని ముందు నడిచామో, ఎవరిదని ఒక్కనాడూ అడగలేదు.

మూడు, ఒక్క పుస్తకంతో ఆగకూడదు. ఇడైసెవల్ ఊరి కి. రాజనారాయణన్ ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళంలో రాసినవారు. ఆయన గోపల్ల గ్రామంలో, రాజు కన్ను పడిన ఆడపిల్లను కాపాడుకోవడానికి మనవాళ్ళు తెలుగుదేశం వదిలి కరిసల్ భూమికి చేరతారు. మా అవ్వ చెప్పిన కథా అదే. అది వింటుంటే కారులో ఎవరూ నోరెత్తలేదు.

అయినా చరిత్ర అంతే కాదు. విజయనగరం పంపిన విశ్వనాథ నాయకుడు 1529 నాటికి మదురైలో ఉన్నాడు. ఆయన దేశాన్ని 72 పాళెయాలుగా పంచాడంటారు. ఆ పనిలో కుడిభుజం అరియనాథ ముదలియార్, తమిళుడు. దండుతో వచ్చినవారున్నారు, నల్లరేగడిలో పత్తి వేసుకోవడానికి వచ్చినవారూ ఉన్నారు. పారిపోయి వచ్చామని మాత్రమే వింటే పిల్లలు చిన్నబోతారు. ఏలడానికి వచ్చామని మాత్రమే వింటే పొగరు పడతారు. రెండూ వింటే, ఈ నేల వాళ్ళతో కలిసి బతికామని తెలుస్తుంది. బళ్ళో ఎవరైనా "మీదే ఊరు?" అని అడిగితే చెప్పుకోవడానికి వాళ్ళకు కావలసింది అదే.

ఇంకొక మాట. టీకి ఆగినప్పుడు ఫోను ఆపి, కారులో ఉన్న పెద్దవాళ్ళను అడగండి. పోయిన పొంగలికి మా అక్కయ్య మా ఊరి చెరువు కథ చెప్పింది. కొడుకు సెల్‌ఫోన్‌లో రికార్డు చేసి, ఊరి పేరూ తేదీ రాసిపెట్టాడు. అవ్వ గొంతు మాత్రం మా దగ్గర లేదు. మీ ఇళ్ళల్లో అవ్వలు ఉంటే ఆలస్యం చేయకండి.