పాత మోటారు బండ్లలో నిప్పు పుట్టించిన విధములు

1944వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన తిరుమల కొండకు బండ్లదారి తెరవబడినది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి యోజన ననుసరించి నిర్మింపబడిన ఆ దారిని నాటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోపు ప్రారంభించెను. అంతకు పూర్వము యాత్రికులు అలిపిరి మెట్లమీదుగా నడచియో, డోలీలలో కూర్చుండియో కొండ యెక్కుచుండిరి. 1974లో రెండవ దారి ఏర్పడిన పిదప ఎక్కుట కొత్తదారిని, దిగుట పాతదారిని జరుగుచున్నది. ఆ దారి మలుపులను, లోయలను వర్ణించువారు పెక్కుమంది కలరు. ఆ మలుపుల నెక్కిన పాత బండ్ల కడుపులో నిప్పు ఎట్లు పుట్టెడిదో, పుట్టనప్పుడు బండివాడు ఏమి చేసెడివాడో చెప్పువారు అరుదు. నేను నేడు ఆ విషయమునే చెప్పదలచితిని.

ఎద్దులబండి కదలనిచో కారణము కంటికి కనబడును. ఎద్దు మొరాయించినది, ఇరుసు విరిగినది, చక్రము బురదలో దిగబడినది. మోటారు బండి విషయమట్లు కాదు. పెట్రోలు ఆవిరి గాలితో కలిసి సిలిండరులో అదుమబడియుండగా సరియైన క్షణమున దానికొక నిప్పురవ్వ తగులవలెను. రవ్వ పుట్టకున్నను, బలహీనముగా పుట్టినను, కాలము తప్పి పుట్టినను బండి కదలదు. యజ్ఞశాలలో అరణిని మథించువానికి ఎంత ఓర్పు కావలెనో తొలినాటి మోటారు బండివానికిని అంత ఓర్పు కావలసియుండెను.

జర్మనీ దేశమున డైమ్లరు నిర్మించిన తొలి యంత్రములలో రవ్వయే లేదు. ఒక చిన్న గొట్టమును బయటినుండి దీపముతో ఎర్రగా కాల్చియుంచెడివారు. ఆ వేడికి లోపలి ఆవిరి అంటుకొనెడిది. దీపము గాలికి ఆరినచో బండియు ఆగెడిది! ఆ కాలముననే కార్ల్ బెంజ్ బ్యాటరీతోను తీగచుట్టతోను విద్యుత్తు రవ్వను పుట్టించెను. రాబర్ట్ బాష్ 1897లో మాగ్నెటో అను యంత్రమును మోటారు బండికి అమర్చెను. ఆయనయొద్ద పనిచేసిన గాట్లోబ్ హోనోల్డ్ 1902లో దానిని మెరుగుపరచి, ప్లగ్గు కొనలో రవ్వ దుముకునట్లు చేసెను. మాగ్నెటోకు బ్యాటరీ అక్కరలేదు. అయస్కాంతమునకును తీగచుట్టకును నడుమ జరుగు భ్రమణముచేతనే విద్యుత్తు పుట్టును. మెల్లగా తిప్పినచో మాత్రము రవ్వ పలుచనగును. అందుచేత హ్యాండిలు పట్టినవాడు దానిని చటుక్కున లాగవలసియుండెను.

ఆ హ్యాండిలు సామాన్యమైనది కాదు. 1908 మొదలు 1927 వరకు కోటిన్నర బండ్లదాక తయారైన ఫోర్డు టీ అను బండిలో స్టీరింగు చక్రము క్రింద ఎడమప్రక్కన నొక మీట యుండెను. రవ్వ పుట్టు కాలమును ముందునకు వెనుకకు జరుపుట దాని పని. హ్యాండిలు తిప్పుటకు ముందు రవ్వను ఆలస్యము చేయవలెను. అది మరచినచో రవ్వ ముందుగా పుట్టి, యంత్రము ఎదురు తిరిగి, హ్యాండిలు మనిషిని తన్నును. మణికట్టు విరుగుట అట్లే. బొటనవ్రేలిని హ్యాండిలు చుట్టు త్రిప్పక తక్కిన వ్రేళ్ల ప్రక్కనే యుంచి క్రిందినుండి పైకి లాగవలెనను నియమము అట్టి దెబ్బలనుండి పుట్టినదే. పాత జీపు హ్యాండిలు పట్టువారు నేటికిని దీనిని మరువరాదు.

పిదప అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ బ్యాటరీ, కాయిలు, పాయింట్లు అను మూటితో నడచు పద్ధతిని తీర్చెను. 1912నాటి క్యాడిలాక్ బండికి ఆయన చేసిన సెల్ఫు కూడ అమరినది. 1928లో బొంబాయిలో జనరల్ మోటార్సువారు స్థాపించిన కర్మాగారమున కూర్చబడిన షెవ్రొలే బండ్లు, యుద్ధానంతరము మిగులు సరకుగా అమ్ముడుపోయిన విల్లీస్ జీపులు, చిరకాలము తయారైన పెట్రోలు అంబాసడర్లు ఈ వంశమునకు చెందినవే. ఇందలి కీలకము వినదగినది. పాయింట్లు కలిసియున్నంతసేపు బ్యాటరీ విద్యుత్తు కాయిలులో ప్రవహించును, రవ్వ రాదు. పాయింట్లు విడివడిన క్షణముననే కాయిలులోని రెండవచుట్టలో వేలకొలది వోల్టుల విద్యుత్తు పుట్టి, డిస్ట్రిబ్యూటరులోని రోటారు ద్వారా వంతు వచ్చిన ప్లగ్గును చేరి రవ్వయై దుముకును. కలయికలో గాక వియోగములో నిప్పు పుట్టుట వింతయే!

యుద్ధకాలమున ఈ విద్యకు గట్టి పరీక్ష వచ్చెను. పెట్రోలు కొరతచే బస్సులకు బొగ్గుగాసు పొయ్యిలు తగిలించిరి. మధుర పట్టణపు టి.వి. సుందరం అయ్యంగారి సంస్థవారు అట్టి పరికరములను తయారుచేసిరి. బొగ్గును చాలినంత గాలి లేకుండ మండించినచో పుట్టు వాయువునే యంత్రమునకు ఆహారముగా నిచ్చెడివారు. క్లీనరు ముందుగా లేచి పొయ్యి రగిల్చి, పంకా తిప్పి, గాసు మండునో లేదో చూచెడివాడు. ఆ వాయువు మెల్లగా మండును గనుక రవ్వను మామూలుకన్న ముందుగా పుట్టింపవలెను. బలమును తగ్గును. మిట్ట వచ్చినచో ప్రయాణికులు దిగి నడచుట ఆనాటివారికి అలవాటైన మాటయే.

ఇక కదలని బండి సంగతి. తర్కశాస్త్రమున అన్వయ వ్యతిరేకములని రెండు కలవు. ఏది యున్నచో కార్యము కలుగునో, ఏది లేనిచో కలుగదో పరీక్షించి కారణమును నిర్ణయించుట వాని ఫలము. కొండమీది పొగనుచూచి నిప్పును ఊహించు ఉదాహరణమును పండితులు వేయిసార్లు వల్లించిరి. అక్షరము రాని క్లీనరు దానిని వల్లింపలేదు, ఆచరించెను. నా దృష్టిలో తార్కికుడను పేరు వానికిని చెల్లును.

వాడు చేయు మొదటి పని ప్లగ్గు విప్పి చూచుట. ప్లగ్గు పెట్రోలుతో తడిసియున్నచో ఆహారము వచ్చినది, నిప్పు రాలేదని యర్థము. పొడిగా నున్నచో పెట్రోలే రాలేదు. పొడిమసి పట్టియున్నచో పెట్రోలు మితిమీరినది. జిడ్డునూనె యున్నచో యంత్రము లోపల అరిగినది. పిమ్మట తీగ తగిలించిన ప్లగ్గును, విప్పిన రంధ్రమునకు దూరముగా, యంత్రపు ఇనుముపై ఆనించి బండిని తిప్పించును. నీలిరంగున చిటపటలాడు రవ్వ మంచిది, పసుపువన్నె రవ్వ బలహీనము. ఏమియు కనబడనిచో ప్లగ్గునుండి వెనుకకు, మూలము వైపునకు నడచును. కాయిలునుండి వచ్చు నడిమి తీగను కట్టె పట్టకారుతో పట్టి ఇనుమునకు పావు అంగుళము దూరమున నుంచును. అచట రవ్వ కలిగి ప్లగ్గువద్ద లేనిచో దోషము రోటారులోనో, డిస్ట్రిబ్యూటరు మూతలోనో కలదు. మూతలో వెంట్రుకవంటి పగులు చాలును. కార్తీకమాసపు వానలలో, కొండమంచులో, పగులు లేకున్నను చెమ్మయే చాలును. పొడిగుడ్డతో తుడిచినంతనే కదలిన బండ్లు ఎన్నియో!

నడిమి తీగయందును రవ్వ లేనిచో పాయింట్లు చూడవలెను. అవి నల్లబడియుండవచ్చును. వాని నడుమ సందు అర మిల్లీమీటరునకు కొంచెము లోపుగా, పెండ్లి శుభలేఖ అట్టంత, యుండవలెను. గీకి శుభ్రపరచినను మరల మరల కాలుచున్నచో దాని జంటయైన కండెన్సరు చెడినదని గ్రహింపవలెను. విప్పిన తీగలను తారుమారుగా తగిలించినచో బండి తుపాకివలె ప్రేలును గాని కదలదు. జీపులో రవ్వ వరుస ఒకటి, మూడు, నాలుగు, రెండు.

ఘాటు ఎక్కు బండ్లకు మరియొక చిక్కు కలదు. సగము కొండ యెక్కి బండి ఆగిపోవును. అరగంట చల్లారినచో మరల కదలును. కాయిలు వేడెక్కి చెడినదని ఒకడు, గొట్టములో పెట్రోలు ఆవిరియై పంపు దానిని లాగలేకున్నదని మరియొకడు వాదింతురు. రెండు దోషములును చల్లారినంతనే తొలగునవే. కావున చల్లారి కదలుట అను గుర్తు దేనినిగాని నిర్ణయింపజాలదు, తార్కికులు దీనినే సవ్యభిచార హేతువందురు. తెలిసిన డ్రైవరు బండి ఆగిన ఆ క్షణముననే రవ్వను పరీక్షించును. రవ్వ బలముగా నున్నచో తడిగుడ్డను పెట్రోలు గొట్టముపై చుట్టును. రవ్వ లేనిచో కాయిలును, కండెన్సరును మార్చును. చల్లారిన పిదప పరీక్షించువాడు ఏమియు తెలిసికొనజాలడు.

సెల్ఫు తిరుగుచున్నదిగదా, బ్యాటరీ మంచిదే యనుకొనుట మరియొక పొరపాటు. సెల్ఫు విద్యుత్తును విస్తారముగా లాగును. కాయిలునకు మిగులునది స్వల్పము. ఆరు వోల్టుల పాత జీపులో ఇది మరింత స్పష్టము. సెల్ఫుతో రాని బండి హ్యాండిలుతో వచ్చుటకు రహస్యమిదియే. ఆశ్చర్యమేమనగా, నేడు తిరుపతి చెంతనున్న కరకంబాడిలోనే, 1985లో స్థాపింపబడిన అమరరాజావారి కర్మాగారమున బ్యాటరీలు తయారగుచున్నవి.

పెద్దబండ్లు డీజిలునకు మారిన పిదప ఈ రవ్వతో వానికి పనిలేకపోయెను. డీజిలు అదిమిన గాలివేడికే అంటుకొనును. కొత్త పెట్రోలు బండ్లలోను పాయింట్లు లేవు. ఈ విద్య నెరిగిన డ్రైవర్లు వృద్ధులైరి. అయినను చిత్తూరు, తిరుపతి సీమలలో కొన్ని పశువులకొట్టములలో పాత జీపులు, అంబాసడర్లు గడ్డిచాటున నిలిచియున్నవి. పాత ఇనుము కొనువాడు వానిని తూకము వేసి కొనిపోవుటకు సిద్ధముగా నున్నాడు. 2021లో కేంద్రప్రభుత్వమువారు చేసిన నిబంధనల ప్రకారము, తొలిరూపము చెడక ఏబది యేండ్లు దాటిన స్వంతబండ్లకు వింటేజి బండ్లుగా వేరు రిజిస్ట్రేషను లభించును. దాని రుసుము 20,000 రూపాయలు, గడువు పది యేండ్లు. అద్దెకు గాని నిత్యోపయోగమునకు గాని దానిని నడుపరాదు.

అట్టి బండి యున్నవారు బ్యాటరీ తగిలించి తొందరపడి సెల్ఫు నొక్కరాదు. ముందు పాత పెట్రోలును తీసివేయవలెను. ప్లగ్గులు విప్పి ఒక్కొక్క రంధ్రమున కొలదిగా నూనె వేసి ఒక దినము ఉంచి, చేతితో మెల్లగా తిప్పవలెను. తిరిగినచో పాయింట్లు గీకి, ఎలుకలు కొరికిన తీగలు మార్చి, అప్పుడు రవ్వను చూడవలెను. ఊరిలో పాత డ్రైవరెవరైన నున్నచో ఆ దినమున ఆయనను బండి ప్రక్కన కుర్చీ వేసి కూర్చుండబెట్టుడు. హ్యాండిలు కుఱ్ఱవాండ్రు తిప్పవచ్చును, చప్పుడు వినుట మాత్రము ఆయనకే తెలియును.