ఎలక్ట్రిక్ గిటారు వైరింగు

ఎలక్ట్రిక్ గిటారు వైరింగు అనగా గిటారులోని పికప్‌లను, వాల్యూం, టోన్ నియంత్రకాలను, జాక్‌ను వైర్లతో కలిపి, వాటన్నింటికీ ఉమ్మడి ఎర్త్ ఏర్పరచే పని. వలయం చిన్నదే గాని, దానికి దొరికే చోటు చెక్కలో తొలిచిన అరచేతి పాటి గుంట మాత్రమే. పాలకొల్లులో జన్మించిన యు.శ్రీనివాస్ (1969-2014) కర్ణాటక సంగీతానికి వాడిన అయిదు తంత్రుల ఎలక్ట్రిక్ మాండొలిన్ వంటి చిన్న వాద్యాలలో చోటు మరీ తక్కువ.

ఎర్త్ అవసరం

పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగ. ఉక్కు తంత్రి కంపిస్తే అందులో స్వల్ప విద్యుత్తు పుడుతుంది. అయితే ఇంటి కరెంటు (మన దేశంలో 230 వోల్టులు, 50 హెర్ట్జ్) ప్రభావం కూడా అందులోకి చేరి రొదగా వినిపిస్తుంది. వాద్యకారుని శరీరమే ఏంటెన్నా వలె పనిచేస్తుంది. అందువల్ల తంత్రులను మోసే బ్రిడ్జి కింద నుండి ఒక వైరును ఎర్త్‌కు కలుపుతారు. తంత్రులపై చేయి పెట్టగానే రొద తగ్గేది ఇందుకే. తగ్గకపోతే మొదట ఆ వైరునే అనుమానించాలి. గుంటకు అంటించే రాగిరేకునూ ఎర్త్‌కు కలపాలి; కలపని రేకు వల్ల ప్రయోజనం లేదు. అయస్కాంత క్షేత్రం వల్ల వచ్చే రొదను మాత్రం ఇవేవీ ఆపలేవు. దానికి రెండు చుట్టలు గల హంబకర్ పికప్ విరుగుడు.

ఇరుకు చోట పని

1954 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌లో నియంత్రకాలు పలకకే బిగించి ఉండటం వలన పని సులువు. 1958 నాటి గిబ్సన్ ఇ.ఎస్.-335లో వాటిని దారం కట్టి, పైచెక్కలోని సన్నని రంధ్రం గుండా లోపలికి దించవలసి వస్తుంది. ఏ గిటారుకైనా గుంట కొలతలతో అట్టముక్కకు రంధ్రాలు చేసి, నియంత్రకాలను దానిపై బిగించి, టంకం పని బయటే ముగించటం మేలు. నియంత్రకం వీపును గరుకు కాగితంతో రుద్ది, తగినంత వేడి గల ఇనుముతో త్వరగా అతకాలి. ఎక్కువసేపు కాలిస్తే లోపలి పట్టీ పాడవుతుంది. 24 మి.మీ. నియంత్రకాలు పట్టనిచోట 16 మి.మీ.వి సరిపోతాయి. సంకేతపు వైరు రాగిరేకును తాకితే ధ్వని పూర్తిగా ఆగిపోతుంది కాబట్టి దానికి తొడుగు తప్పనిసరి.

భద్రత

పని ముగిశాక మల్టీమీటరుతో తంత్రికి, జాక్ బయటి భాగానికి మధ్య నిరోధం చూడాలి. అది దాదాపు సున్నా ఉండాలి. అయితే గిటారు ఎర్త్ చివరికి ఆంప్లిఫయర్ ప్లగ్గులోని మూడో పిన్ను ద్వారానే భూమికి చేరుతుంది. రొద తగ్గటానికి కొందరు ఆ పిన్నును తీసివేస్తారు. ఇది ప్రాణాంతకం. ఆంప్లిఫయర్‌లో లోపం ఏర్పడితే కరెంటు నేరుగా తంత్రులకు వస్తుంది. గిటారు సరిగా ఉన్నా, ఎర్త్ లేని మైకు ప్రమాదమే: ఒక చేయి తంత్రులపై, మరొకటి మైకుపై ఉంటే విద్యుత్తు ఛాతీ గుండా ప్రవహిస్తుంది. స్టోన్ ది క్రోస్ బృందపు గిటారిస్టు లెస్ హార్వే 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీలో, వేదికపై ఎర్త్ సరిగా లేని మైకును తాకి మరణించాడు. వేదికకు వచ్చే సరఫరాలో 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే తెగిపోయే ఆర్.సి.సి.బి. అమర్చటం అదనపు రక్షణ. అది ఎర్త్‌కు ప్రత్యామ్నాయం కాదు.