అంధుల చేతివిద్య

మర్దనం నేర్పే చదువు వెనుక కూడా బ్రతుకుపోరాటం ఉందని జపాను చరిత్ర చెబుతుంది. 17వ శతాబ్దంలో సుగియామా వాయిచీ అనే అంధవైద్యుడు తనవంటివారికి సూదివైద్యం, ‘అన్మా’ మర్దనం నేర్పే శిక్షణాలయాలు నెలకొల్పాడు. ఎందరో అంధులకు భిక్ష కాక విద్య జీవనాధారమయింది. వారి వృత్తిసంఘంలో పదవులు డబ్బుకు అమ్ముడయిన మాట నిజమే. కాని 1871లో మెయిజీ ప్రభుత్వం సంఘాన్నే రద్దుచేసి, చూపున్నవారితో పోటీలో వారిని ఒంటరులను చేసింది. 1947 చట్టం ప్రకారం శిక్షణ పొంది పరీక్షలో నెగ్గినవారికే లైసెన్సు. అంధుల ఉపాధికి దెబ్బ తగిలేటట్లయితే, చూపున్నవారి కొత్త మర్దన పాఠశాలలకు అనుమతి నిరాకరించవచ్చునని 1964 సవరణ నిర్దేశించింది. ఇది వృత్తిస్వేచ్ఛకు భంగమన్న వాదాన్ని 2022లో అక్కడి సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. అసమానుల మధ్య పోటీకి స్వేచ్ఛ అని పేరు పెట్టలేము. చదువు అందరికీ అందాలని కోరే మనం, ఆ చదువుతో బ్రతుకు ఎవరికి దక్కుతున్నదో కూడా అడగాలి.