తారాజువ్వయు రెండంచెల రాకెట్టును



తారాజువ్వ నెఱుగని తెలుగుపల్లె లేదు. దీపావళి రాత్రి నిప్పంటింపగనే చుఱ్ఱుమని పైకెగసి, తాటితోపులను దాటి, నడిమింట నిప్పుకలు విరజిమ్మి చల్లారిపోవు జువ్వను మనమందఱము చిన్ననాటినుండి చూచుచున్నవారమే. దివిసీమ పల్లెలలో దానిని అంగడిలో కొనుటకంటె ఇంటనే కట్టుట గొప్పగా నెంచెడివారు. నేడు నేను చెప్పబూనినది ఆ జువ్వ చరిత్ర. ఇది కేవలము పిల్లల వేడుక సంగతి కాదు. ఈ జువ్వకును, మన సముద్రతీరమువారి ప్రాణములకును గల సంబంధమేమో క్రమముగా విన్నవించెదను.

మొదట జువ్వ స్వరూపము తెలియవలెను. గట్టికాగితముతోనో వెదురుతోనో చేసిన గొట్టము. అందులో దట్టించిన మందు. అడుగున సన్నని గొంతుక. ప్రక్కను కట్టిన పొడవాటి పుల్ల. మందనగా సూరేకారము, గంధకము, బొగ్గు. బొగ్గు మండును, సూరేకారము మంటకు కావలసిన ప్రాణవాయువు నిచ్చును, గంధకము త్వరగా అంటుకొనజేయును. మంటలో పుట్టిన వాయువు గొంతుకగుండ క్రిందికి దూసికొనిపోగా, దానికి ప్రతిగా గొట్టము పైకి లేచును. కాలువలో పడవ యంచున నిలిచి గట్టుమీదికి దూకినవాడు పడవను వెనుకకు నెట్టుట మీరు చూచియేయుందురు. ఇదియు నట్టిదే. న్యూటను పండితుడు 1687లో ప్రకటించిన గ్రంథమున దీనిని చలనసూత్రములలో మూడవదిగా నిలిపెను. పుల్ల యెందుకనగా, జువ్వ తలక్రిందులు కాక దిక్కు తప్పకుండుటకు.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. హీరాతునుండి వచ్చిన రాయబారి అబ్దుర్ రజాక్ 1443లో విజయనగరమున మహానవమి ఉత్సవములను చూచి, అందలి బాణసంచా వేడుకలను తన గ్రంథమున వర్ణించెను. 1497లో సింహాసన మెక్కిన ప్రతాపరుద్ర గజపతి పేర వెలసిన ‘కౌతుకచింతామణి’ యను సంస్కృత గ్రంథమున బాణసంచా మందుల కూర్పులు శ్లోకరూపమున నున్నవి. ఆ గజపతి యేలుబడి మన కొండపల్లి దుర్గమును దాటి వ్యాపించియుండెను. శ్రీకృష్ణదేవరాయలు దానిని గెలుచువఱకు ఈ కృష్ణాతీర మాతనిదే. కావున ఈ మందుల శాస్త్రము మన సీమ నేలిన రాజు కొలువులోనే ఆదరణ పొందినదని చెప్పవచ్చును.

పిమ్మట పరదేశపు వర్తకులు వచ్చిరి. బందరులో వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట యను పేర్లే వారికి సాక్ష్యములు. వలందులు పదునేడవ శతాబ్ది తొలియేండ్లలోనే బందరున కొట్లు పెట్టిరి. ఇంగ్లీషువారు 1611లో వచ్చిరి. వలందులు మన తీరముననే దక్షిణముగా ప్రళయకావేరి యొద్ద కోట కట్టి, అచ్చట తుపాకిమందు తయారుచేయించి, తూర్పుదేశములలోని తమ స్థావరములకు పంపుచుండిరి. ప్రళయకావేరి యనగా నేటి పులికాటు. ఆ సరస్సునకును సముద్రమునకును నడుమనున్న ఇసుకదిబ్బయే శ్రీహరికోట. ఈ పేరు గుర్తుంచుకొనుడు. మరల దానియొద్దకు వత్తము.

వేడుకకు పుట్టిన జువ్వను యుద్ధమునకు పదునుపెట్టినవారు మైసూరును పాలించిన హైదరాలీ, టిప్పుసుల్తానులు. వారు కాగితపు గొట్టమునకు మాఱుగా ఇనుపగొట్టమును వాడించిరి. ఇనుము ఎక్కువ ఒత్తిడికి ఓర్చును. కావున మందును గట్టిగా దట్టింపవచ్చును, బాణము దూరముగా పోవును. 1799లో శ్రీరంగపట్టణము పడిపోయిన పిదప ఇంగ్లీషువారు ఆ బాణములను తమ దేశమునకు గొనిపోయిరి. విలియం కాంగ్రీవు వానిని పరీక్షించి, తన రాకెట్లను నిర్మించెను. 1807లో కోపెన్‌హాగన్ నగరము వానివలన తగులబడెను. ఆటవస్తువు గొట్టము మాఱినంతనే మారణాయుధమైనది. ఈ యినుపగొట్టపు సంగతియు గుర్తుంచుకొనదగినదే.

ఇక రెండంచెల సంగతి. ఒక జువ్వ తలపై మఱియొక జువ్వను నిలిపి, మొదటిది కాలిపోగానే రెండవది యంటుకొనునట్లు చేసినయెడల నెట్లుండును? ఈ యూహ పాతదే. 1650లో ఆమ్‌స్టర్డాము నగరమున అచ్చయిన సీమియెనోవిచ్చు గ్రంథమున ఇట్టి అంచెల బాణముల బొమ్మలున్నవి. ఆ కాలమున ఆ నగరపు వర్తకులే బందరులో అద్దకపు వస్త్రములు కొనుచుండిరి. కాని అంచెలు ఎందుకు కావలెనో లెక్క వేసి చూపినవాడు మా వృత్తివాడే. రష్యాదేశమున కలూగా యను ఊరిలో బడిపంతులుగా నుండిన త్సియోల్కోవ్‌స్కీ చిన్నతనముననే వినికిడి చాలవఱకు కోల్పోయినవాడు. ఆయన 1903లో రాకెట్టు వేగపు లెక్కను ప్రకటించెను. 1929లో అంచెల రాకెట్టును గూర్చి ప్రత్యేకముగా వ్రాసెను.

ఆ లెక్క సారమిది. రాకెట్టునుండి వెలువడు వాయువున కెంత వేగమున్నదో, రాకెట్టునకును అంత వేగము రావలెనన్నచో, మందుతో కూడిన బరువు ఖాళీబరువునకు 2.7 రెట్లుండవలెను. దానికి రెండింతల వేగము కావలెనన్న 7.4 రెట్లు, మూడింతలు కావలెనన్న 20 రెట్లు. వేగము కొంచెము పెంచగోరినకొలది బరువు ఇంతింతై పెరిగిపోవును. 20 పుట్ల బరువులో 19 పుట్లు మందే యైనచో, గొట్టమునకును, పైన మోయు వస్తువునకును కలిపి మిగులునది ఒక్క పుట్టి. భూమిచుట్టు తిరుగుటకు గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగము కావలెను. ఒంటి గొట్టముతో అది మిక్కిలి కష్టసాధ్యము.

దీనికి ఉపాయము, మందు కాలిన భాగపు ఖాళీగొట్టమును మోయుట మానుట. పూర్వము తపాలా సంచి అంచెలంచెలుగా పోయెడిది గదా! ఒక బంట్రోతు తన అంచె పరుగెత్తి, సంచిని రెండవవాని కందించి తాను నిలిచిపోయెడివాడు. రాకెట్టున విశేష మేమనగా, మొదటివాని పరుగువేగమంతయు రెండవవానికి సంక్రమించును. రెండవ అంచె నిలుచున్నచోటినుండి గాక, పరుగుననే బయలుదేరును. పైగా తేలికయై బయలుదేరును.

ఇంటివద్ద చేయు చిన్న రాకెట్టునకును ఇదే ధర్మము. అమెరికాదేశమున నెబ్రాస్కా రాష్ట్రమున చెప్పుల దుకాణము నడుపు ఆర్విల్ కార్లైల్ అనునతడు బాణసంచాపై మక్కువ గలవాడు. ఆయన 1954లో కాగితపు గొట్టముతో, తేలికచెక్క ఱెక్కలతో, గాలిగొడుగుతో దిగివచ్చు చిన్న రాకెట్టును చేసెను. 1957 అక్టోబరు 4న రష్యావారు స్పుత్నిక్ ఉపగ్రహమును ప్రయోగించిన పిదప ఆ దేశపు బాలురు ఇంట మందు కలిపి, లోహపు గొట్టములలో దట్టించి గాయపడసాగిరి. అప్పుడు హారీ స్టైన్ అను రాకెట్టు నిపుణుడు కార్లైలుతో కూడి ఈ విద్యకు కట్టుబాట్లు ఏర్పఱచెను. మందు కలుపుట బాలుర పని కాదు. కర్మాగారమున చేసిన మందుగొట్టమునే వాడవలెను. లోహపు గొట్టము పనికిరాదు. నిప్పు చేతితో పెట్టరాదు. దూరమునుండి విద్యుత్తుతో అంటింపవలెను.

అట్టి రెండంచెల రాకెట్టును గుడివాడ చేరువను, కోతలైన మాగాణిలో, కొందఱు కళాశాల విద్యార్థులు ఎగురవేయగా నేను చూచితిని. అది మూరెడు పొడవుకంటె కొంచె మెక్కువ. క్రింది గొట్టములో మందు పైవఱకు కాలగానే ఆ నిప్పురవ్వలు పైగొట్టపు గొంతుకలోనికి చిమ్ముకొనును, పైయంచె రగులుకొనును, క్రిందియంచె ఊడి పడిపోవును. పైయంచెలో మందు కాలిన పిదప కొన్ని క్షణములు నెమ్మదిగా కాలు మందు వేఱుగా నుండును. రాకెట్టు శిఖరము చేరువఱకు అది వేచియుండి, పిమ్మట చిన్నగా పేలి గాలిగొడుగును వెలికి నెట్టును. ఆ గొడుగు విచ్చుకొని వరికొయ్యలమీద మెల్లగా దిగుచుండ, గట్టుమీది రైతులు చప్పట్లు చఱచిరి. జువ్వ చల్లారి యెక్కడనో పడిపోవును. ఇది తిరిగి చేతికి వచ్చును.

దీనికి భిన్నమైనదియు నే నెఱుగుదును. నేను పనిచేసిన యొక గ్రామమున బడిపిల్లవా డొకడు దీపావళికి ఇనుపగొట్టములో మందు కూరి, రెండు వ్రేళ్లు పోగొట్టుకొనెను. టిప్పు సైనికునికి దూరము నిచ్చిన యినుమే మన పిల్లవానికి ముక్కలై తగులును. అనుమతి లేక పేలుడుమందు తయారుచేయుట 1884నాటి చట్టము మొదలుకొని నేరము. కాని చట్టముకంటె ముందు ఆ తల్లి కన్నీరు మనకు బుద్ధి చెప్పవలెను.

ఇక మన దేశపు సంగతి. 1963 నవంబరు 21న కేరళదేశమున తుంబా యను పల్లెకారుల గ్రామమునుండి మన గడ్డపై మొట్టమొదటి పరిశోధన రాకెట్టు లేచెను. నైకీ అపాచీ యను ఆ రాకెట్టు రెండంచెలదే. పిదప శ్రీహరికోటను ఎన్నుకొనిరి. అచ్చట 1971 అక్టోబరు 9న తొలి రాకెట్టు ఎగసెను. 1979 ఆగస్టు 10న నాలుగంచెల ఎస్.ఎల్.వి.-3ను ప్రయోగింపగా, రెండవ అంచె అదుపు తప్పి, 317 సెకండ్లకు బంగాళాఖాతమున పడిపోయెను. లోపము సవరించి 1980 జూలై 18న మరల ప్రయోగింపగా, 35 కిలోల రోహిణి భూమిచుట్టు తిరిగెను. వలందుల తుపాకిమందు తయారైన ప్రళయకావేరి చెంతనుండియే మన ఉపగ్రహము మింటి కెక్కినది.

ఇది మనకేల యందురేమో. 1864 నవంబరు 1న బందరు నుప్పెన ముంచినప్పుడు సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమ నుప్పెన ముంచినప్పుడు, ప్రభుత్వపు లెక్కలోనే సుమారు 10,000 మంది పోయిరి. నేనప్పుడు విద్యార్థిని. కోడూరు, నాగాయలంక, సొర్లగొంది ప్రాంతముల పేరులు ఆనాడు వినినవారికి నేటికిని గుండె చెదరును. తుపాను సముద్రమున నున్నదని తెలియకపోలేదు. ఎచ్చట తీరము దాటునో, ఎంత నీరు తెచ్చునో చివరి గుడిసెవఱకు ఎవరును చెప్పలేకపోయిరి.

1983 ఆగస్టులో ఇన్సాట్-1బి ఆకాశమునకు చేరెను. దానిని మోసినది అమెరికావారి వాహనము. 1990 మేలో, బలమున మునుపటిదానికి తీసిపోని తుపాను కృష్ణాముఖమున తీరము దాటెను. అప్పటికి లక్షన్నరకు మించిన జనమును ముందుగానే తరలించిరి, మృతులు వేయిలోపు. ఒక్క ప్రాణమైనను తక్కువ కాదు. అయినను 1977తో పోల్చి చూడుడు. ఇది ఉపగ్రహమొక్కదాని చలువ యని నే ననను. రేడియో, రాడారు, తుపాను ఆశ్రయగృహములు, రోడ్లు, రాత్రింబవళ్లు తిరిగిన ఉద్యోగులు, అందఱును కలిసి చేసిన పని. కాని మేఘపు చుట్టను పైనుండి చూచు కన్ను లేనిదే తక్కినవారు ఎటు పరుగెత్తవలెనో తెలియదు. 2024 ఫిబ్రవరి 17న వాతావరణమును కనిపెట్టు ఇన్సాట్-3డిఎస్ శ్రీహరికోటనుండియే, మన రాకెట్టు మీదనే, పైకేగెను. అంచెలు లేనిచో ఆ కన్ను అంతయెత్తున నిలువదు.

రాకెట్టుకు రెండవ ముఖమును కలదు. 2025 మే 2న నాగాయలంక మండలమున క్షిపణి పరీక్షాకేంద్రమునకు శంకుస్థాపన జరిగెను. ఉప్పెన కన్నీరు చూచిన దివిసీమయందే దేశరక్షణకై బాణములు పరీక్షింతురు. దేశమునకు అది అవసరమే కావచ్చును. అచ్చటి పల్లెకారుల వలలు, మడయడవులు, తీరమున గ్రుడ్లు పెట్టవచ్చు తాబేళ్లు, వీని క్షేమమునుగూడ పెద్దలు కనిపెట్టవలెను. మందు మంచిచెడ్డల నెఱుగదు. దట్టించిన చేయి యెఱుగవలెను.

కావున గ్రామపెద్దలకు నా మనవి యొక్కటే. మీ మనుమడు రాకెట్టు చేసెదనని వచ్చినయెడల గసరి పంపకుడు. సూరేకారము చేతి కీయకుడు. సీసాలో మూడవవంతు నీరు పోసి, సైకిలు పంపుతో గాలి కొట్టి, కోతలైన చేలో మాస్టరుగారి యెదుట ఎగురవేయనిండు. నిప్పు లేకయే న్యూటను సూత్రము వానికి బోధపడును. ఱెక్క వంకరైన నేల కూలునని, బరువు తగ్గిన ఎత్తు పోవునని తానే కనుగొనును. ఆ పిల్లలలో ఎవడైనను రేపు శ్రీహరికోటలో కూర్చుండి, మన తీరమువైపు వచ్చు తుపానును మనకంటె ముందు చూడవచ్చును. సెలవు.