నిలిపివేత అంచున: ఇంటర్నెట్ ఆగినప్పుడు జనం వెతుక్కున్న దారులు

ఇంటర్నెట్ నిలిపివేతను దాటడమంటే వీపీఎన్, ఫోన్ నుంచి ఫోన్‌కు నేరుగా సందేశం చేరవేసే మెష్ యాప్ లాంటి ఉపాయాల కథగా చెప్పడం అలవాటైపోయింది. ఈజిప్టు, కశ్మీర్, కోనసీమ ఉదంతాలను పక్కపక్కన పెట్టి చూస్తే మరో సంగతి బయటపడుతుంది. ప్రభుత్వం తన అవసరం కొద్దీ మూయకుండా ఉంచిన చోటు నుంచో, దాని ఉత్తర్వు చెల్లని హద్దు అవతల నుంచో జనం ఎక్కువగా బయటపడ్డారు.

ముబారక్ వ్యతిరేక నిరసనలు చెలరేగిన ఈజిప్టులో 2011 జనవరి 27 అర్ధరాత్రి దాటిన కాసేపటికి ప్రధాన సర్వీస్ ప్రొవైడర్లు కొద్ది నిమిషాల తేడాతో ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. తీగలు తెంపే పనే పడలేదు. ఫలానా చిరునామాలు మా దగ్గరున్నాయంటూ ప్రపంచంలోని రౌటర్లకు బీజీపీ ద్వారా చేసే ప్రకటనలను వెనక్కి తీసుకుంటే సరిపోయింది. అలా సుమారు 3,500 మార్గాలు చెరిగిపోయాయి. అన్నీ ఒకేసారి పోకపోవడం చూసి, ఎవరో వరసగా ఫోన్లు చేసి చెప్పినట్టుందని నెట్‌వర్క్ పరిశీలకులు అనుకున్నారు.

నూర్ అనే చిన్న సంస్థ మాత్రం జనవరి 31 దాకా నడిచింది. ఈజిప్టు స్టాక్ ఎక్స్ఛేంజి దాని ఖాతాదారు. అందుకే వదిలేశారన్నది ఊహే గానీ, కొట్టిపారేయదగ్గ ఊహ కాదు. ల్యాండ్‌లైన్లూ మోగుతూనే ఉన్నాయి. ఫ్రెంచ్ డేటా నెట్‌వర్క్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఒక ఫోన్ నంబరు ఇవ్వడంతో, ఎప్పుడో అటకెక్కిన డయలప్ మోడెమ్‌లకు మళ్లీ పని దొరికింది. ఫోన్లో మాట్లాడితే ఆ మాటను ట్విటర్‌కు ఎక్కించే ఏర్పాటును గూగుల్ వాళ్లు చేశారు. అయితే రెండిటికీ విదేశీ కాల్ ఖర్చు భరించగల ఇల్లుండాలి. ఫిబ్రవరి 2న నెట్ తిరిగొచ్చింది.

కశ్మీర్‌లో 2019 ఆగస్టులో, ప్రత్యేక ప్రతిపత్తి రద్దు సమయాన, మొబైల్, బ్రాడ్‌బ్యాండ్‌తో పాటు ల్యాండ్‌లైన్లూ ఆగాయి కనుక ఈజిప్టు కిటుకులేవీ అక్కడ పనికిరాలేదు. పాత్రికేయులు వార్తలను పెన్‌డ్రైవ్‌లో వేసి ఢిల్లీ వెళ్లే ప్రయాణికుల చేతికిచ్చారు. ఆ చలికాలంలో శ్రీనగర్ నుంచి బనిహాల్ వెళ్లే రైలుకు ‘ఇంటర్నెట్ ఎక్స్‌ప్రెస్’ అని పేరే పడిపోయింది. పీర్ పంజాల్ సొరంగం దాటితే జమ్మూ వైపు. అక్కడి నెట్ సెంటర్ల ముందు పరీక్షలకు దరఖాస్తు చేసుకోవాల్సిన కుర్రాళ్లు వరసకట్టారు. 2020 జనవరిలో 2జీ ఇచ్చారు, అదీ అనుమతించిన సైట్ల జాబితాకే. జాబితాలో లేని సైట్లను చేరడానికి వీపీఎన్ వాడకం పుంజుకున్నది అప్పుడే. ఎంత సన్నదైనా దారంటూ ఒకటి లేకపోతే వీపీఎన్ చేసేదేమీ లేదు. పోలీసులు ఫిబ్రవరిలో వీపీఎన్‌తో సోషల్ మీడియా వాడినవాళ్ల మీద ఉగ్రవాద నిరోధక చట్టమైన ఉపా కింద కేసు పెట్టారు. లోయ అంతటా 4జీ రావడానికి 2021 ఫిబ్రవరి దాకా పట్టింది.

ఇలాంటి బనిహాల్ ప్రయాణం తెలుగువాళ్లకూ ఒకసారి అనుభవంలోకి వచ్చింది. కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ 2022 మే 24న అమలాపురంలో చెలరేగిన హింసలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. కోనసీమలో మొబైల్ నెట్ ఆపేశారు. దశలవారీగా పూర్తిగా తిరిగి రావడానికి దాదాపు రెండు వారాలు పట్టింది. కోవిడ్ కాలం నుంచి ఇంటి నుంచే పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని, అవతలి ఒడ్డు టవర్ సిగ్నల్ అందే గోదావరి గట్లకు చేరారు. ఉత్తర్వుకు జిల్లా హద్దు తెలుసు గానీ టవర్‌కు తెలియదు. బండీ, పెట్రోలూ, గట్టు మీద కూర్చున్నా ఒప్పుకునే ఉద్యోగమూ ఉన్నవాళ్లకు ఆ దారి దొరికింది. యూపీఐ మీద బతుకుతున్న బడ్డీకొట్టువాడు కొట్టును గట్టుకు మోసుకుపోలేడు.

కశ్మీర్ నిలిపివేతను సవాలు చేసిన అనూరాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు 2020 జనవరి 10న, గడువు లేని నిలిపివేత చెల్లదని, ఉత్తర్వులను ప్రచురించాలని చెప్పింది. అదే ఏడాది నిబంధనలు సవరించి 15 రోజుల పరిమితి పెట్టారు. నష్టాన్ని లెక్కగట్టే పద్ధతి మాత్రం తరచూ కంపెనీల వైపు నుంచే సాగుతోంది. ఈజిప్టు అయిదు రోజులకు అంతర్జాతీయ ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ వేసిన అంచనా 9 కోట్ల డాలర్లు. అది టెలికాం, ఇంటర్నెట్ సేవల నష్టమే. పర్యాటకం, కాల్ సెంటర్ల నష్టం కూడా అందులో లేదు. బనిహాల్ రైలు టికెట్టూ, గట్టు దాకా పోసిన పెట్రోలూ ఏ పద్దులో వేయాలో ఆ పద్ధతికి తెలియదు.